అగ్గిబందు నాడు లేచిన పొగ

స్టవ్వులు బాగుచేసే ఓబులేసు దొంగ అని సుబ్బలక్ష్మమ్మ తేల్చేసింది. ఆ మాట ఆమె బోరింగు కాడ కంబన్న పెండ్లాంతో అనింది. కంబన్న పెండ్లాం తన మరిదితో అనింది. ఆ మరిది వచ్చి గిడ్డమ్మ అరుగు మీద కూర్చుని, తానే కనిపెట్టినట్టు చెప్పినాడు.

"కుక్కరు బాగుచేసి ఇస్తే విజిలు రాల్యాదంట అవ్వా. స్టవ్వు బాగుచేసి ఇస్తే గ్యాసు వాసనంట. వచ్చి నెలైతాండాది, ఒక్క సామాను సక్కగా చేసిన పాపాన పోల్యాదు. అయినా మూడు పూటలా తింటాండాడు. దొంగ కాకపోతే ఆ సోలారు కంపెనీ మేడమ్మ ఎనకాల వచ్చినోడన్నా అయ్యుండాల. మేడమ్మ తన కుక్కరు తెచ్చి ఈనికిచ్చింటే సుబ్బలక్ష్మమ్మత్త కండ్లారా చూసిందంట. మేడమ్మ వండుకునే మనిషేనా? ఆమె గోర్లు చూసినావా నువ్వు?"

గిడ్డమ్మ ఆకు వక్క నములుతూ అంతా వినింది. "ఆయప్ప లోపల గదిలోనే ఉండాడు. పిలుస్తా, మొకం మీదనే అడుగు," అనింది.

ఆ మరిది మళ్లీ ఆ అరుగు ఎక్కలేదు.

గోడకు ఇవతల బాడుగ గదిలో ఓబులేసు నోట్లో స్క్రూ పెట్టుకుని నవ్వుకున్నాడు. శత్రుదేశాల ఏజెన్సీలు పదేళ్లుగా పట్టుకోలేకపోయిన మనిషిని సుబ్బలక్ష్మమ్మ ఒక్క కుక్కరు విజిలుతో సగం పట్టేసింది. ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకు ఓబులేసు సీక్రెట్ ఏజెంట్. సొంతూరు రాజంపేట పక్కన. కోడ్ నేమ్ బర్నర్. పిస్టల్ నేర్పారు, పారాచూట్ నేర్పారు, కళ్లకు గంతలు కట్టి తాళాలు తీయడం నేర్పారు. కుక్కరు రబ్బరు మార్చడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

అసైన్‌మెంట్ కర్నూలులో, ఒక జిరాక్స్ షాపు వెనక గదిలో మొదలైంది. చీఫ్ హర్షవర్ధన్ గోడ మీద మ్యాపు పరిచాడు.

"ఆలూరు అవతల నల్లగుండ్ల. సోలార్ పార్కు. దాన్ని ఆనుకుని బ్యాటరీ యార్డు."

"తెల్ల డబ్బాలు. ఫొటోలు చూశాను సార్."

"పగటి ఎండను దాచుకుని, పొద్దు గుంకినాక గ్రిడ్‌కు కరెంటు ఇచ్చే డబ్బాలు. బొగ్గు కాల్చకుండా రాత్రి దీపాలు వెలగాలంటే ఇవి నిలబడాలి. టెక్నాలజీ విదేశీ కంపెనీది, నేల మనది, డబ్బు ఇద్దరిది. ఇక్కడ సక్సెస్ అని చూపిస్తే ఐదు రాష్ట్రాలు పార్ట్‌నర్‌షిప్ మీద సంతకాలు పెడతాయి."

"ఎవరికి కడుపుమంట?"

"బొగ్గు ఓడల మీద బతికే ఒక విదేశీ ముఠాకు. యార్డు కట్టిన ఇంజనీర్లలో ఒకణ్ణి కొనేసింది. పేరు శామ్. బ్యాటరీల్లో దొంగ కోడ్ దూర్చాడు. చార్జింగ్ నడుస్తుండగా సిగ్నల్ వెళ్తే బ్యాటరీ తనను తానే తగలబెట్టుకుంటుంది. ముహూర్తం సంతకాల రోజు మిట్టమధ్యాహ్నం."

"ఇప్పుడే ఎత్తేద్దాం."

"సాక్ష్యం ఏది? వాడు నొక్కాలి. నొక్కనిస్తేనే వాడి పైనున్నవాళ్లు ట్రేస్ అవుతారు. రెండు డబ్బాలు కాలితే కాలనీ. ఇన్సూరెన్స్ ఉంది."

"ఆ పొగ?"

హర్షవర్ధన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "విషం. గోడ దగ్గర నిలబడి పీలిస్తే మనిషి మిగలడు. కానీ ఆ రోజు ఊర్లో ఎవరూ ఉండరు. అగ్గిబందు అని ఏదో ఆచారమట, తలుపులు వేసి అందరూ బయటికి పోతారు. అందుకే శామ్‌కు ఆ రోజు నచ్చింది. నాకూ నచ్చింది."

"లోపల మనకెవరున్నారు?"

"మహిమ. విదేశీ కంపెనీకి లైజాన్ ఆఫీసర్. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది."

"మరి మనం?"

"మనం కూడా మన మనిషే అనుకుంటున్నాం," అన్నాడు చీఫ్.

కోడ్ మాటలు రెండే. 'విజిల్ రావడం లేదు' అంటే సమాచారం ఉంది. 'మూత పడటం లేదు' అంటే పారిపో.

అలా నల్లగుండ్లకు ఒక పాత మోపెడ్ వచ్చింది. దాని మీద మైకు. 'గ్యాస్ స్టవ్ రిపేరు చేయబడును, కుక్కరు రిపేరు చేయబడును' అని రోజంతా అరిచే ఆ మైకు డబ్బాలో, గాల్లో పోయే ఏ దొంగ సిగ్నల్‌నైనా పట్టి రికార్డు చేసే రిసీవర్ ఉంది. ఈ సంగతి తెలియని కుక్కలు దాన్ని చూసి మొరిగేవి.

మహిమ తెచ్చిన కుక్కరు అడుగున సమాచారం దాచిన చిప్ దొరికింది. శామ్ సిగ్నల్ పంపే రిలే యార్డులో లేదు, ఊర్లోనే ఒక పాత మట్టి మిద్దె మీద ఉంది. ఆ మిద్దె ఎవరిదో తెలిసి ఓబులేసు తల పట్టుకున్నాడు. ఊరందరిలో దొంగలను వెతికే సుబ్బలక్ష్మమ్మ, సామాను పెట్టుకోవడానికని తన పాతిల్లు శామ్‌కే బాడుగకిచ్చింది.

అగ్గిబందు ముందురోజు సాయంత్రం పెద్ద ఈరన్న పనిగట్టుకుని వచ్చినాడు. ఊరికి పెద్దమనిషి. మీసం మీద చెయ్యేసి మాట్లాడే అలవాటు.

"ఏమప్పా స్టవ్వులోడా, నీ మీదనే నాకు అనుమానం. రేపు పొద్దు పొడిసినప్పటి నుంచి గుంకే దాకా ఊర్లో అగ్గి పుట్టకూడదు. పొయ్యి ల్యాదు, దీపం ల్యాదు, కరెంటు ల్యాదు. బీడీ గూడా తాగకూడదు. మనిషి, గొడ్డు, కోడి, అంతా ఊరిడ్సాల."

"ఏంటికి పెదనాయనా?"

"మా ముత్తాతల కాలంలో గత్తర రోగమొచ్చి ఊరు సగం పాయె. ఆ పొద్దు పెట్టుకున్న కట్టడి. ఊర్లో పొగ లేసిందనుకో, యాడున్నోళ్లు ఆడనుంచి నీళ్లు తీసుకోని పరిగెత్తుకోని రావాల. ఒక్కరు గూడా నిలబడకూడదు. రాని ఇంటికి అమ్మవారు పోతాది."

"ఎప్పుడన్నా లేసిందా?"

"మా నాయన కాలంలో ఒగడు సుట్ట ముట్టించినాడు. వాని మనమనికి ఈ పొద్దుటికీ ఈ ఊర్లో పిల్లనియ్యరు. నీకు పెండ్లయిందా?"

"కాలేదు పెదనాయనా."

"అయితే జాగర్త," అని పోయినాడు ఈరన్న.

మరుసటి పొద్దున నల్లగుండ్ల ఖాళీ అయింది. ముందే చేసి పెట్టుకున్న జొన్నరొట్టెలు, చెనిక్కాయల పచ్చడి మూటలు కట్టుకున్నారు. కోళ్లను గంపల్లో మూసి నెత్తికెత్తుకున్నారు. ఈరన్న ఎండిన కట్టెతో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు లాగేశాడు. దాంతో సెల్ టవర్ కూడా పడుకుంది. ఊరి దారికి అడ్డంగా తుమ్మకంప వేశారు. దేశానికి కరెంటు ఇచ్చే పార్కు పక్కనే ఒక ఊరు తన స్విచ్ తానే ఆర్పేసి బయటికి నడుస్తోంది.

ఓబులేసు ఆలూరు పోతానని చెప్పి వెనకబడ్డాడు. ప్లాన్ సులువు. ఊరు ఖాళీ కాగానే మిద్దె ఎదురుగా దాక్కుంటాడు, శామ్ నొక్కుతాడు, మైకు డబ్బా రికార్డు చేస్తుంది, పట్టుకుంటాడు.

గిడ్డమ్మ అందరికన్నా చివర మేకలు తోలుకుంటూ పోతోంది.

"ఎండకు ఏ తోపుకన్నా పోతారా అవ్వా?" అన్నాడు, మాట కలపాలని.

"యాడి తోపప్పా? పోయినేడు దాకా చింతతోపుకే పోతాంటిమి. ఆ తోపు, ఆ బయలు, అంతా సోలారు ప్లేట్ల కిందికి పాయె. నా రెండెకరాలు గూడా ఆడనే ఉండాయి. ఇంగ ఈడ నీడంటే డబ్బాల గోడ నీడే. మా వీరభద్ర లోపల కరెంటు బోర్డు కాడ డ్యూటీ చేస్తాండాడు కదా, గేటు లోపలికే రాండి, కొళాయి గూడా ఉండాదన్నాడు."

ఓబులేసు చేతిలో స్పానర్ కింద పడింది. "అందరూనా?"

"అందరూ. బాలింతలు, పసిబిడ్డలు, నడవలేని ముసిలోళ్లు. ఊరంటే ఊరే."

నిజం చెప్పేస్తే? ఆపరేషన్ పోతుంది, రహస్యం దాస్తానన్న ప్రమాణం పోతుంది. ఆ ఒక్క క్షణం ఏజెంటు గెలిచి మనిషి ఓడిపోయాడు.

"ఆడికి పోవద్దవ్వా. షాక్ కొడుతుంది."

గిడ్డమ్మ కడుపుబ్బా నవ్వింది. "నువ్వు బాగుచేసిన స్టవ్వు కన్నానా?" అని మేకలను అదిలించుకుంటూ పోయింది.

ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. చీఫ్‌కు చెప్పే దారి లేదు. మోపెడ్ మైకు పెట్టి ఊరంతటికీ అరిచి చెబుదామని, ప్రమాణం గిమాణం పక్కన పెట్టి, సందులోకి పరిగెత్తాడు. మోపెడ్ మీద చెయ్యి పడేలోపు మెడ వెనక చల్లగా ఏదో తగిలింది.

"స్టవ్ రిపేర్ సార్‌కు నమస్కారం," అన్నాడు శామ్. పిస్టల్‌కు సైలెన్సర్. వాడి పక్కన నల్ల కళ్లద్దాలు, ఇస్త్రీ చెదరని చీరలో మహిమ.

"కుక్కరు మూత పడటం లేదు," అంది ఆమె.

"ఇప్పుడా చెప్పేది?" అన్నాడు ఓబులేసు.

సుబ్బలక్ష్మమ్మ పాతింటి వాకిట్లో ఒక పాతర ఉంది. వెనకటి రోజుల్లో జొన్నలు దాచుకున్న నేలగొయ్యి. మూతి మనిషి దూరేంత ఇరుకు, లోపల కడవలా వెడల్పు. శామ్ ఓబులేసు జేబులు తడిమి పిస్టల్, ఫోన్ తీసుకున్నాడు. స్టవ్ లైటరు, బర్నర్లు తుడిచే పెట్రోలు గుడ్డ చూసి ముక్కు మూసుకుని అక్కడే వదిలేశాడు.

"శామ్, ఆ యార్డులో జనం ఉన్నారు. ఊరంతా అక్కడే ఉంది."

"కథలు చెప్పకు. వాళ్లు పోయేది తోపుకు. నా దగ్గర రిపోర్టు ఉంది."

"ఆ తోపును మీ కంపెనీయే కొట్టేసింది!"

మహిమ కళ్లద్దాలు తీసింది. ఆమె మొహంలో ఏదో కదిలింది. అంతలో శామ్ తోసేశాడు. ఓబులేసు గొయ్యి అడుగున పడ్డాడు. పైన బండ కదిలిన చప్పుడు. "సరిగ్గా మూయి," అన్నాడు శామ్. "మూశాను," అంది మహిమ.

చీకటి. ముక్కిపోయిన జొన్నల వాసన. గోడలకు అతికించిన ఎండుగడ్డి వీపుకు గుచ్చుకుంటోంది. కళ్లు అలవాటు పడ్డాక పైన బండకూ మూతికీ మధ్య ఒక వెలుగు సందు కనిపించింది. చెయ్యి పట్టేంత. మనిషి పట్టడు.

ఎగిరాడు. అందలేదు. గోడకు కాళ్లు తన్నిపెట్టి ఎక్కబోయాడు. మట్టి ఊడి మీద పడింది. ఇంకోసారి ఎక్కాడు, మోచేతులు గీరుకుపోయాయి, వేళ్లు బండకు తగిలాయి. నెట్టాడు. బండ కదలలేదు, ఆయనే జారి కింద పడ్డాడు. అరిచాడు. అరుపు గొయ్యిలోనే గుండ్రంగా తిరిగి ఆయన చెవుల్లోకే వచ్చింది. వినే నాథుడెవడు? విని వచ్చేవాళ్లంతా ఆ గోడ నీడన కూర్చుని రొట్టె తింటున్నారు.

ట్రైనింగ్‌లో ఒక పెట్టెలో వేసి మూసేవాళ్లు. భయమేస్తే బజర్ నొక్కమనేవాళ్లు. ఇక్కడ బజర్ లేదు. గాలి కూడా లేదు. పాత పాతరలో దిగిన మనిషి ఊపిరాడక పోయాడని రాజంపేటలో చిన్నప్పుడు విన్న మాట, ఇప్పుడు ఛాతీ మీద కూర్చుంది.

సందులోంచి పడే వెలుగు గోడ మీద నుంచి మెల్లగా కిందికి జారుతోంది. పొద్దు నడినెత్తికి వస్తోంది. డబ్బాలు నిండుతున్నాయి. ఆ నీడన బాలింతలు. ఆ నీడన గిడ్డమ్మ. షాక్ కొడుతుందని అబద్ధం చెప్పినవాడు ఇక్కడ గొయ్యిలో.

పైన శామ్ గొంతు. "చార్జింగ్ బాగా నడుస్తోంది. ఇంకాసేపు."

ఓబులేసు చెయ్యి జేబులోకి పోయింది. లైటరు. పెట్రోలు గుడ్డ. వీపుకు గుచ్చుకునే ఎండుగడ్డి.

ఊర్లో పొగ లేసిందనుకో.

ఈ గొయ్యిలో ఉన్న కాస్త గాలినీ మంట తాగేస్తుంది. పొగ ముందు తన ముక్కులోకి పోయి, తర్వాతే ఆకాశంలోకి పోతుంది. వాళ్లు వచ్చేసరికి తాను ఉంటాడా? ఉండడు, ఉండొచ్చు. వాళ్లు మాత్రం ఆ గోడ దగ్గర ఉండరు. ఒక్కరు కూడా నిలబడకూడదు కదా.

గోడ నుంచి గడ్డి పీకి సందు కిందికి కుప్ప వేశాడు. గుడ్డను దాని మీద పెట్టి లైటరు నొక్కాడు. టిక్. మళ్లీ టిక్. ఒక నెల నుంచి ఊరందరి స్టవ్వుల ముందు అబద్ధంగా నొక్కిన లైటరు ఇది. మూడోసారి భగ్గుమంది.

సగం చెడిన గడ్డి మంట కన్నా పొగ ఎక్కువ ఇచ్చింది. తెల్లగా, చిక్కగా, పాములా సందులోంచి పైకి పాకింది. ఓబులేసు తువ్వాలు మూతికి కట్టుకుని గొయ్యి గోడ వారన బోర్లా పడ్డాడు. నేల మట్టినే పీల్చాడు. కళ్లు మండాయి, తర్వాత గొంతు, తర్వాత ఛాతీ లోపల ఎవరో కారం చల్లినట్టు అయింది.

"ఏయ్! వాడేం చేస్తున్నాడు కింద?" శామ్ పరుగు. "ఆ సందు మూయి!"

"నువ్వు రిలే చూసుకో. ఇక్కడ నేనున్నాను," అంది మహిమ గొంతు.

సందు మూసుకోలేదు.

ఆ తర్వాత విన్నది కలో నిజమో ఆయనకు తెలియలేదు. దూరంగా ఒక కేక. దాని మీద ఇంకో కేక. తర్వాత వేరే చప్పుడు, వానకు ముందు వంక పొంగి వస్తున్నట్టు. కాళ్లు. వందల కాళ్లు. కుక్కలు, బిందెలు, ఆడవాళ్ల తిట్లు.

"ఎవడ్రా అది! ఎవనికి రా సావొచ్చింది!"

"సుబ్బలక్ష్మమ్మా, నీ ఇంట్లోనే!"

"నా ఇంట్లోనా? అయ్యో నా కడుపు కాల! ఆ స్టవ్వులోడే! నేను ముందే చెప్తాండా కదా!"

బండ పక్కకు దొర్లింది. వెలుగు, దాని వెంట నీళ్లు. బిందెలు బిందెలుగా, ఒకరి తర్వాత ఒకరు, ప్రతి ఇంటి నీళ్లూ ఆయన నెత్తిన పడ్డాయి. మంట ఆరింది. ఏజెంటు దాదాపు మునిగాడు. తాడేసి లాగి వాకిట్లో పడేశారు, తడిసిన గోనెసంచిలాగా. ఎవరో వీపు మీద చీపురుకట్టతో రెండు అంటించారు. ఆ దెబ్బలకే దగ్గొచ్చి ఊపిరి ఆడింది.

మిద్దె మీద శామ్ నిలబడి ఉన్నాడు. చేతిలో ట్యాబ్లెట్. కింద వాకిలి నిండా జనం, దారి లేదు. వాడి మొహం పాలిపోయింది.

"అందరూ దూరం జరగండి! నొక్కేస్తా!"

ఏం నొక్కుతాడో ఎవరికీ అర్థం కాలేదు. ఓబులేసు లేవబోయి మోకాళ్ల మీద పడ్డాడు. శామ్ నొక్కాడు.

అందరూ పైకి చూశారు. ఏమీ జరగలేదు. శామ్ మళ్లీ నొక్కాడు. మళ్లీ. ట్యాబ్లెట్‌ను దులిపి చూశాడు. తెర మీద ఎర్ర అక్షరాలు: టార్గెట్ ఆఫ్‌లైన్.

వెనక నుంచి మిద్దె ఎక్కిన మహిమ వాడి మణికట్టు మెలిపెట్టి, వాడి పిస్టల్‌ను వాడి చెవికే ఆనించింది. చీర మడత చెదరలేదు.

"యార్డు ఎందుకు ఆఫ్ అయింది?" ఓబులేసు దగ్గుల మధ్య అడిగాడు.

"నేనే ఆపొచ్చినా," అన్నాడు వీరభద్ర. చేతిలో ఇంకా ఖాళీ బిందె ఉంది.

"ఎవరు చెప్పారు ఆపమని?"

"ఎవరు చెప్పాల? పొగ కనపడె, పరిగెత్తాల. మోటరు ఆడతాంటే ఎవడన్నా సేను ఇడ్సిపెట్టి పోతాడా? మెయిన్ స్విచ్చి లాగేసి, గేటుకు బీగమేసి వచ్చినా." మళ్లీ ఆలోచించి అడిగాడు, "తప్పయిందా సార్?"

మహిమ మిద్దె దిగి వచ్చింది. శామ్ చేతులు కేబుల్ టైతో బిగించి ఉన్నాయి.

"నన్ను గొయ్యిలో పెట్టి మూత వేశావు," అన్నాడు ఓబులేసు.

"మూత సరిగ్గా పడలేదని కోడ్‌లోనే చెప్పానుగా," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "జనం అక్కడున్నారని నాకు తెలియదు ఓబులేసూ. నిజంగా తెలియదు. తెలిశాక, వాడి కన్నుగప్పి యార్డుకు పోయే దారి వెతుకుతున్నా. దొరకలేదు."

పొద్దు వాలాక కంప పక్కకు లాగించుకుని హర్షవర్ధన్ జీపులు వచ్చాయి. మైకు డబ్బా విప్పి చూశారు. శామ్ నొక్కిన ప్రతి నొక్కూ అందులో ఉంది, పైనున్నవాళ్ల అడ్రసుతో సహా. సాక్ష్యం కోసం ఒక్క డబ్బా కూడా కాలనక్కరలేదని తేలింది. కర్నూలులో సంతకాలు అయిపోయాయట. చీఫ్ మొహం వెలిగిపోతోంది.

పెద్ద ఈరన్న మాత్రం మీసం మీద చెయ్యి తీయలేదు. "అయ్యా, మీ మనిషి అగ్గిబందు నాడు అగ్గి పెట్టినాడు. తప్పు కట్టాల. అమ్మవారికి పొట్టేలు ఏట, ఊరికి బువ్వ."

"ఆయన పెట్టిన మంటే మీ ప్రాణాలు కాపాడింది పెద్దాయనా," అన్నాడు హర్షవర్ధన్. సంతోషంలో నోరు జారింది. "అక్కడే ఉండుంటే ఆ డబ్బాల నుంచి వచ్చే విషప్పొగకు ఒక్కరూ మిగిలేవాళ్లు కాదు."

ఒక బాలింత బిడ్డను గుండెకు హత్తుకుంది.

గిడ్డమ్మ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. ఓబులేసును చూడలేదు. నేరుగా చీఫ్ ముందు నిలబడింది.

"అండ్ల విషముండాదని నీకు ముందే తెలుసా నాయనా?"

"తెలుసమ్మా. కానీ వాడు ఇవాళ నొక్కుతాడని తెలిసి, మేం అన్నీ లెక్క చూసుకున్నాం. ఇవాళ ఊరు ఖాళీగా ఉంటుందని రిపోర్టు ఉంది. అందుకే ధైర్యం చేశాం."

"ఊరు ఖాళీ అని రాసుకుంటిరి, సరే," అనింది గిడ్డమ్మ. "ఊరిడ్సినోళ్లం మేం యాడికి పోతామనుకుంటిరప్పా?"